టార్క్ కన్వర్టర్ ఎంపిక: స్టాల్ అంకె వెనుక ఉన్న లెక్క

ఆటోమేటిక్ కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గేరు 'డి'లోనే ఉంటుంది. డ్రైవరు కాలు బ్రేకు మీద ఉంటుంది. చక్రాలు కదలవు, కానీ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. మాన్యువల్ కారులో క్లచ్ నొక్కకుండా ఇలా ఆపితే ఇంజిన్ ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. ఆటోమేటిక్‌లో అలా జరగకపోవడానికి కారణం ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్. గుమ్మడికాయ ఆకారంలో ఉండే ఈ ఉక్కు డబ్బా నిండా నూనె ఉంటుంది.

అమెరికాలో పాత వీ8 కార్లకు కొత్త క్యామ్‌షాఫ్ట్, కార్బ్యురేటర్ బిగించి వాటిని మరింత చురుగ్గా మార్చుకోవడం చాలామందికి ఇష్టమైన పని. అలా మార్చిన కారుకు కంపెనీ ఇచ్చిన కన్వర్టర్ తరచుగా సరిపోదు, బయట మార్కెట్లో దొరికేది కొనాలి. అక్కడ ఒక్కో కన్వర్టర్ మీద '2000 స్టాల్', '2500 స్టాల్', '3500 స్టాల్' అని అంకెలు ఉంటాయి. పెద్ద అంకె ఉన్నది తెచ్చుకుంటే కారు వేగం పెరుగుతుందన్న నమ్మకంతో కొని, చివరికి గేర్‌బాక్సు మాడ్చుకునేవాళ్లు ఉన్నారు. ఆ అంకె అసలు ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. కావలసింది హైస్కూలు లెక్కలే.

డబ్బాలో ఏముంది?

కన్వర్టర్‌లో మూడు ముఖ్య భాగాలు ఉంటాయి. మొదటిది ఇంపెల్లర్. ఇది డబ్బా గోడకే అంటుకుని ఉండి ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది. దీని రెక్కలు నూనెను అంచువైపు విసురుతాయి. రెండోది టర్బైన్. ఇది గేర్‌బాక్సు షాఫ్టుకు తగిలించి ఉంటుంది. ఇంపెల్లర్ విసిరిన నూనె టర్బైన్ రెక్కలకు తగిలి దాన్ని తిప్పుతుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి ఆన్ చేస్తే రెండోది కూడా తిరగడం లాంటిదే ఇది. ఇక్కడ గాలికి బదులు నూనె ఉంటుంది.

మూడో భాగం స్టేటర్. కన్వర్టర్ అసలు తెలివంతా దీనిలోనే ఉంది. టర్బైన్ నుంచి బయటకు వచ్చే నూనె ఇంపెల్లర్ తిరిగే దిశకు ఎదురుగా వస్తుంది. దాన్ని అలాగే వదిలితే ఇంపెల్లర్‌కు అడ్డు తగులుతుంది. మధ్యలో ఉన్న స్టేటర్ రెక్కలు ఆ ప్రవాహాన్ని మళ్లించి ఇంపెల్లర్‌కు సాయపడే దిశలో పంపుతాయి. ఫలితంగా టర్బైన్‌కు ఇంజిన్ ఇచ్చే టార్క్ కంటే ఎక్కువ టార్క్ అందుతుంది. కారు కదలకుండా ఉన్న క్షణంలో ఈ పెంపు సాధారణంగా రెండు రెట్లకు అటూ ఇటూగా ఉంటుంది. టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగంలో సుమారు 85 నుంచి 90 శాతానికి చేరేసరికి పెంపు పూర్తిగా పోతుంది. అప్పుడు స్టేటర్ తన వన్‌వే క్లచ్ మీద స్వేచ్ఛగా తిరగడం మొదలుపెడుతుంది.

ద్రవంతో శక్తిని ఇలా అందించే పద్ధతిని జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ చేశారు. అది కార్ల కోసం కాదు. ఓడల్లో వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్ నుంచి నెమ్మదిగా తిరగాల్సిన ప్రొపెల్లర్‌కు శక్తిని చేరవేయడం కోసం. కార్లలో టార్క్ కన్వర్టర్ పెద్ద ఎత్తున వచ్చింది 1948లో, బ్యూయిక్ సంస్థ డైనాఫ్లో గేర్‌బాక్సుతో.

స్టాల్ వేగం అంటే

టర్బైన్‌ను కదలకుండా బిగించి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ ఒక వేగం దాకా పెరిగి అక్కడ ఆగిపోతుంది. ఆ వేగమే స్టాల్ వేగం. ఇంజిన్ ఇవ్వగలిగిన టార్క్, నూనెను తిప్పడానికి కావలసిన టార్క్ ఆ వేగం దగ్గర సమానమవుతాయి. స్టాల్ వేగం తక్కువగా ఉన్న కన్వర్టర్‌ను 'టైట్' అనీ, ఎక్కువగా ఉన్నదాన్ని 'లూజ్' అనీ మెకానిక్కులు అంటారు.

నూనెను తిప్పడానికి కావలసిన టార్క్ వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే టార్క్ నాలుగు రెట్లు కావాలి. అందుకే ఇంజినీర్లు ప్రతి కన్వర్టర్‌కూ ఒక స్థిరాంకం లెక్కిస్తారు. దాన్ని కే ఫ్యాక్టర్ అంటారు. స్టాల్ వేగాన్ని ఆ వేగం దగ్గర ఇంజిన్ ఇచ్చే టార్క్ వర్గమూలంతో భాగిస్తే అది వస్తుంది.

ఉదాహరణకు ఒక ఇంజిన్ 2400 ఆర్‌పీఎం దగ్గర 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తూ స్టాల్ అయిందనుకుందాం. 400 వర్గమూలం 20. 2400ను 20తో భాగిస్తే కే విలువ 120. ఇదే కన్వర్టర్‌ను 256 న్యూటన్ మీటర్లు ఇచ్చే చిన్న ఇంజిన్‌కు బిగిస్తే స్టాల్ వేగం 16 × 120, అంటే 1920 ఆర్‌పీఎం. 576 న్యూటన్ మీటర్లు ఇచ్చే పెద్ద ఇంజిన్‌కు బిగిస్తే 24 × 120, అంటే 2880.

డబ్బా మాత్రం ఒకటే. దాని స్టాల్ ఒకచోట 1920, ఇంకోచోట 2880. కాబట్టి స్టాల్ అంకె కన్వర్టర్ ఒక్కదాని లక్షణం కాదు, ఇంజిన్, కన్వర్టర్ కలిసి ఇచ్చే ఫలితం. పెట్టె మీద ముద్రించిన '2500' మీ ఇంజిన్‌తో 2100 కావచ్చు, 2900 కూడా కావచ్చు. మంచి తయారీదారులు అంకె చెప్పే ముందు ఇంజిన్ వివరాలు అడిగేది ఇందుకే.

కారు బరువు కూడా కొలతను మారుస్తుంది. ఆగి ఉన్న కారులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ ఎగిరి చేరే వేగాన్ని ఫ్లాష్ స్టాల్ అంటారు. బరువైన బండి కదలడానికి సమయం పడుతుంది, కాబట్టి ఇంజిన్ పూర్తి స్టాల్ దాకా వెళ్తుంది. తేలికైన బండి అంతకు ముందే కదిలిపోతుంది, అంకె కొంచెం తక్కువగా కనిపిస్తుంది. వెనుక యాక్సిల్ నిష్పత్తి ఎక్కువగా ఉన్నా ఇదే జరుగుతుంది.

వ్యాసం తగ్గితే ఏమవుతుంది?

స్టాల్ పెంచడానికి తయారీదారులు చేసే మొదటి పని డబ్బా వ్యాసం తగ్గించడం. ఒకే వేగం దగ్గర కన్వర్టర్ పట్టే టార్క్ వ్యాసపు అయిదో ఘాతానికి అనులోమంగా ఉంటుంది. 12 అంగుళాల కన్వర్టర్‌ను అదే రూపంలో 10 అంగుళాలకు కుదిస్తే పట్టే టార్క్ 40 శాతానికి పడిపోతుంది. టార్క్ మారకుండా ఉంటే స్టాల్ వేగం సుమారు 1.58 రెట్లవుతుంది.

12 అంగుళాల కన్వర్టర్ 1700 దగ్గర స్టాల్ అవుతోందనుకుంటే, అదే టార్క్‌తో 11 అంగుళాలది సుమారు 2100 దగ్గర, 10 అంగుళాలది 2700 దగ్గర, 9 అంగుళాలది 3500 దగ్గర, 8 అంగుళాలది 4700 దగ్గర స్టాల్ అవుతాయి. 8 అంగుళాలవి డ్రాగ్ రేసుల్లోనే ఎందుకు కనిపిస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. వ్యాసంతో పాటు రెక్కల వంపును, స్టేటర్ రూపాన్ని కూడా మారుస్తారు. అందుకే ఒకే వ్యాసం ఉన్న రెండు కన్వర్టర్లు వేర్వేరుగా ప్రవర్తించవచ్చు.

ఒక నిజమైన జత: షెవ్రోలే 350, టీహెచ్350

ఇప్పుడు ఒక కారును తీసుకుందాం. 1969 షెవ్రోలే కమారో. 5.7 లీటర్ల 350 వీ8 ఇంజిన్. జనరల్ మోటార్స్ వారి టర్బో హైడ్రామాటిక్ 350 గేర్‌బాక్సు. దీనికి మూడు గేర్లు, నిష్పత్తులు 2.52, 1.52, 1.00. యజమాని ఇంజిన్‌లో కాస్త దూకుడైన క్యామ్‌షాఫ్ట్ వేయించాడు. అది 2000 నుంచి 5500 ఆర్‌పీఎం మధ్య బాగా పనిచేస్తుంది. ఇక్కడి నుంచి టార్క్ అంకెలు లెక్క కోసం తీసుకున్నవి.

ఈ క్యామ్‌తో ఇంజిన్ 1700 దగ్గర 300 న్యూటన్ మీటర్లు, 2500 దగ్గర 400 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుందాం. పాత కన్వర్టర్ 1700 దగ్గర స్టాల్ అయితే దాని కే విలువ సుమారు 98. కొత్తది 2500 దగ్గర స్టాల్ కావాలంటే కే విలువ 125 ఉండాలి.

మొదటి తేడా కారు కదిలేటప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడే తెలుస్తుంది. మామూలు క్యామ్‌తో ఇంజిన్ ఐడిల్ వేగం 650 ఆర్‌పీఎం. దూకుడైన క్యామ్ వేశాక 850కి పెంచితేగాని ఇంజిన్ నిలబడదు. గేరు వేసి బ్రేకు మీద ఉన్నప్పుడు కన్వర్టర్ ఇంజిన్ మీద ఎంత భారం వేస్తుందో చూద్దాం. ఐడిల్ వేగాన్ని కే విలువతో భాగించి వర్గం చేస్తే చాలు. మామూలు క్యామ్, పాత కన్వర్టర్‌తో 44 న్యూటన్ మీటర్లు. కొత్త క్యామ్, పాత కన్వర్టర్‌తో 75. కొత్త క్యామ్, కొత్త కన్వర్టర్‌తో 46.

నెమ్మదిగా తిరిగేటప్పుడు బలహీనంగా ఉండే ఇంజిన్ మీద పాత కన్వర్టర్ దాదాపు 70 శాతం ఎక్కువ భారం వేస్తోంది. క్యామ్ మార్చిన కార్లు గేరు వేయగానే వణికి ఆగిపోవడానికి, సిగ్నల్ దగ్గర బ్రేకును తోసుకుంటూ ముందుకు పాకడానికి ఇదే కారణం. సరైన కన్వర్టర్ ఆ భారాన్ని దాదాపు మొదటి స్థాయికి తెచ్చింది. రోజూ రోడ్డు మీద నడిపే కారుకు ఈ మేలు ముఖ్యమైనది.

రెండో తేడా కదిలేటప్పుడు. పాత కన్వర్టర్ ఇంజిన్‌ను 1700 దగ్గరే పట్టేస్తుంది, అక్కడ క్యామ్ ఇంకా మేల్కొనలేదు. కొత్తది 2500 దాకా వెళ్లనిస్తుంది, మొదటి క్షణం నుంచే 400 న్యూటన్ మీటర్లు దొరుకుతాయి.

మరి 3500 ఎందుకు వద్దు?

దీనికి టైరు జవాబు చెబుతుంది. 400 న్యూటన్ మీటర్లను కన్వర్టర్ 1.9 రెట్లు పెంచిందనుకుందాం. మొదటి గేరు 2.52, యాక్సిల్ 3.73. అన్నీ గుణిస్తే చక్రాల దగ్గర సుమారు 7100 న్యూటన్ మీటర్లు. టైరు వ్యాసార్ధం 33 సెంటీమీటర్లు. అంటే రోడ్డును వెనక్కి తోసే బలం 21,000 న్యూటన్ల పైమాటే. గేర్లలో పోయేది తీసేసినా చాలా ఎక్కువ.

కారు బరువు 1550 కిలోలు అనుకుంటే మొత్తం భారం సుమారు 15,200 న్యూటన్లు. కదిలే క్షణంలో దానిలో 60 శాతం వెనుక చక్రాల మీద పడినా 9,100 న్యూటన్లే. మామూలు రోడ్డు టైరు పట్టు దాదాపు అంతవరకే. అంటే 2500 స్టాల్ దగ్గరే టైర్లు పట్టగలిగిన దానికి రెట్టింపు కంటే ఎక్కువ బలం వస్తోంది. దీని మీద ఇంకా స్టాల్ పెంచితే పెరిగేది పొగే. 3500, 4000 స్టాల్ కన్వర్టర్లు మెత్తటి రేసు టైర్లు, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పనిచేసే క్యామ్ ఉన్న కార్లకే ఉపయోగపడతాయి.

హైవే మీద ఎంత తిరుగుతుంది?

తర్వాత చూడాల్సింది ప్రయాణ వేగం దగ్గర ఇంజిన్ ఆర్‌పీఎం. టైరు వ్యాసం 66 సెంటీమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 804 సార్లు తిరుగుతుంది. 3.73 యాక్సిల్‌తో, మూడో గేరు 1.00లో ఇంజిన్ 3000 ఆర్‌పీఎం. 3.08 యాక్సిల్ అయితే 2480. అదే 3.73 యాక్సిల్‌కు 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 గేర్‌బాక్సు బిగిస్తే 2100.

లాకప్ లేని కన్వర్టర్ స్టాల్ వేగం ప్రయాణ ఆర్‌పీఎం కంటే తక్కువగా ఉండాలన్నది వర్క్‌షాపుల్లో వాడే సూత్రం. దాని ప్రకారం మొదటి కారుకు 2500 బాగానే ఉంటుంది. రెండో కారుకు 2000 నుంచి 2200 చాలు. మూడోదానికి లాకప్ ఉండి తీరాలి.

ఈ సూత్రం మరీ కచ్చితమైనదేమీ కాదు. కే విలువ దీన్ని వివరిస్తుంది. చదునైన రోడ్డు మీద ఇంజిన్ 80 న్యూటన్ మీటర్లే ఇస్తున్నప్పుడు 125 కే ఉన్న కన్వర్టర్ స్టాల్ వేగం 1100 దగ్గరే ఉంటుంది. 2100 ఆర్‌పీఎం దగ్గర జారుడు తక్కువే. కానీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు, ట్రైలర్ లాగుతున్నప్పుడు టార్క్ పెరుగుతుంది. దానితో పాటే జారుడూ పెరుగుతుంది. సూత్రం కాపాడేది ఆ సందర్భంలోనే.

జారుడు అంతా వేడే

టార్క్ పెంపు ఆగిపోయాక ఎంత శాతం జారుడు ఉంటే ఇంజిన్ శక్తిలో అంత శాతం వేడిగా మారుతుంది. చదును రోడ్డు మీద 80 న్యూటన్ మీటర్లు, 2100 ఆర్‌పీఎం, 5 శాతం జారుడు అయితే వేడి 0.9 కిలోవాట్లు. ఎక్కుడులో 200 న్యూటన్ మీటర్లు, 2500 ఆర్‌పీఎం, 10 శాతం జారుడు అయితే 5 కిలోవాట్లకు పైగా. అంటే ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు రెండున్నర ఆ నూనెలో ముంచినట్టే.

పూర్తి స్టాల్‌లో అయితే కారు కదలదు కాబట్టి ఇంజిన్ శక్తి మొత్తం వేడే. 400 న్యూటన్ మీటర్లు, 2400 ఆర్‌పీఎం అంటే 100 కిలోవాట్లు, యాభై గీజర్లు. కన్వర్టర్‌లో 5 లీటర్ల నూనె ఉంటే దాని వేడి సెకనుకు సుమారు 12 డిగ్రీలు పెరుగుతుంది. అయిదు సెకన్లలో 60 డిగ్రీలు. స్టాల్ పరీక్షను అయిదు సెకన్లకు మించి చేయవద్దని సర్వీసు పుస్తకాలు హెచ్చరించేది ఇందుకే.

గేర్‌బాక్సు నూనె 80, 90 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. అక్కడి నుంచి సుమారు 11 డిగ్రీలు పెరిగినప్పుడల్లా నూనె ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల అంచనా. నూనె చెడితే సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్లు జారతాయి, చివరికి గేర్‌బాక్సు పోతుంది. లూజ్ కన్వర్టర్ వేస్తే రేడియేటర్‌లో ఉండే చిన్న కూలర్ చాలదు, విడిగా మరో కూలర్ బిగించాలి. నూనె ఉష్ణోగ్రత చూపే మీటరు కూడా పెట్టుకోవాలి. కన్వర్టర్ బడ్జెట్‌లో ఈ రెండింటినీ మొదటి నుంచే కలుపుకోవాలి.

లాకప్ క్లచ్

జారుడును పూర్తిగా తీసేసే మార్గం లాకప్. కారు వేగం అందుకున్నాక కన్వర్టర్‌లోని ఒక క్లచ్ టర్బైన్‌ను డబ్బాకే బిగించేస్తుంది. అప్పుడు నూనెతో పని లేదు, జారుడు సున్నా. 1949లో ప్యాకార్డ్ సంస్థ అల్ట్రామాటిక్ గేర్‌బాక్సులోనే ఇది ఉంది.

ఈ ఆలోచనకు మన దేశంలోనూ చరిత్ర ఉంది. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసిన మన్ మోహన్ సూరి డీజిల్ రైలింజన్ల కోసం రూపొందించిన 'సూరి ట్రాన్స్‌మిషన్' ఇలాంటిదే. బండి కదిలించేటప్పుడు టార్క్ కన్వర్టర్, వేగం అందుకున్నాక నేరుగా యాంత్రిక అనుసంధానం. భారతీయ రైల్వే షంటింగ్ ఇంజన్లలో దీన్ని వాడారు.

టీహెచ్350 గేర్‌బాక్సుల్లో ఎక్కువ వాటికి లాకప్ లేదు. 700ఆర్4కు ఉంది. లాకప్ ఉంటే స్టాల్ కాస్త ఎక్కువ ఎంచుకున్నా హైవే మీద ఇబ్బంది ఉండదు. అయితే కంపెనీ లాకప్ క్లచ్ తేలికపాటి ప్రయాణానికే తయారైంది. పూర్తి యాక్సిలరేటర్ మీద లాక్ చేస్తే మాడిపోతుంది. కంప్యూటర్ నియంత్రణ ఉన్న గేర్‌బాక్సుల్లో కన్వర్టర్ మార్చాక లాకప్ ఎప్పుడు పడాలో ప్రోగ్రాములో కూడా మార్చాలి.

లోపలి నాణ్యత, బిగింపు

ఒకే స్టాల్ అంకె ఉన్న రెండు కన్వర్టర్ల ధరలో చాలా తేడా కనిపిస్తుంది. ఆ తేడా లోపల ఉంటుంది. రెక్కలను ఫర్నేసులో బ్రేజింగ్ చేశారా? ఒత్తిడి తట్టే చోట సాదా వాషర్లకు బదులు నీడిల్ బేరింగులు వేశారా? స్టేటర్ వన్‌వే క్లచ్ మీ ఇంజిన్ టార్క్‌ను తట్టుకుంటుందా? అధిక వేగంలో లోపలి ఒత్తిడికి డబ్బా ఉబ్బకుండా పటిష్ఠం చేశారా? డబ్బా ఉబ్బితే గేర్‌బాక్సు పంపును, ఇంజిన్ థ్రస్ట్ బేరింగును తోసి పాడుచేస్తుంది.

బిగించేటప్పుడు ముందుగా డబ్బాలో ఒక లీటరు నూనె పోయాలి. తర్వాత కన్వర్టర్‌ను గేర్‌బాక్సులోకి తిప్పుతూ నెట్టాలి. ఇన్‌పుట్ షాఫ్టు, స్టేటర్ షాఫ్టు, పంపు మూడూ వరుసగా కూర్చోవాలి. ఒక్కొక్కటీ కూర్చున్నప్పుడు డబ్బా లోపలికి జారినట్టు చేతికి తెలుస్తుంది. గేర్‌బాక్సును ఇంజిన్‌కు బిగించాక కన్వర్టర్‌కూ ఫ్లెక్స్‌ప్లేటుకూ మధ్య సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ అసలు లేకపోతే కన్వర్టర్ పంపులో పూర్తిగా కూర్చోలేదన్నమాట. బోల్టులతో బలవంతంగా లాగితే ఇంజిన్ స్టార్ట్ చేసిన మరుక్షణమే పంపు పగులుతుంది. పాత గేర్‌బాక్సు మాడిపోయి ఉంటే కూలర్ గొట్టాలను శుభ్రం చేయకుండా కొత్త కన్వర్టర్ పెట్టకూడదు. గొట్టాల్లో మిగిలిన లోహపు రజను మళ్లీ లోపలికి చేరుతుంది.

మన రోడ్ల మీద

మన దేశంలో ఆటోమేటిక్ కార్లన్నింటిలో టార్క్ కన్వర్టర్ ఉండదు. ఏఎంటీ కార్లలో మామూలు క్లచ్చే ఉంటుంది, దాన్ని యంత్రం నొక్కుతుంది. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల పద్ధతి వేరు. టార్క్ కన్వర్టర్ ఉన్న కారు నడిపేవారికి పై లెక్కలు ఒక జాగ్రత్త నేర్పుతాయి. ఎక్కుడులో బండిని బ్రేకుతో కాకుండా యాక్సిలరేటర్‌తో నిలబెట్టడం, ఒక కాలు బ్రేకు మీద ఉంచి మరో కాలితో ఇంజిన్ పెంచడం నూనెను మరిగించే పనులు. ఇంజిన్ మార్పుల గురించి ఆలోచించేవారు మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్‌ను కూడా చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని అది నియంత్రిస్తుంది.

కొనేముందు రాసుకోవాల్సినవి

1. ఇంజిన్ టార్క్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత? క్యామ్ ఎక్కడి నుంచి పనిచేస్తుంది?
2. గేరు వేసినప్పుడు ఐడిల్ వేగం ఎంత?
3. కారు బరువు, యాక్సిల్ నిష్పత్తి, టైరు వ్యాసం ఎంత?
4. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత? లాకప్ ఉందా?
5. విడి కూలర్, ఉష్ణోగ్రత మీటరు బడ్జెట్‌లో ఉన్నాయా?
6. అమ్మేవారు చెప్పే స్టాల్ అంకె ఎంత టార్క్ దగ్గర కొలిచింది?

ఆరో ప్రశ్నకు జవాబు దొరికితే కే విలువ మీరే లెక్కించవచ్చు. ఉదాహరణకు 300 న్యూటన్ మీటర్ల దగ్గర 2500 అని చెబితే కే విలువ 144. మన 400 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌తో అది 2900 దగ్గరికి వెళ్తుంది. పెట్టె మీద 2500 అనే ఉన్నా, అది ఈ కారుకు కావలసిన 2500 కాదు. టార్క్ వివరం చెప్పకుండా స్టాల్ అంకె ఒక్కటే చెప్పే కన్వర్టర్‌ను కొనకపోవడమే మేలు.